విశాఖ కొండల కింది పాతరాయి: ఏరోమాగ్నటిక్, ఉపగ్రహ డేటాతో పటం గీసే పద్ధతి

కైలాసగిరి మీద శివపార్వతుల విగ్రహాల ముందు ఫొటోలు దిగేవాళ్ల కాళ్ల కింద ఉన్న రాయి ఖోండలైట్. గోధుమ ఎరుపు రంగు, చారలు చారలుగా ఉంటుంది, దగ్గరికెళ్లి చూస్తే గార్నెట్ గింజలు కనిపిస్తాయి. 1902లో టి.ఎల్. వాకర్ ఈ రాతికి ఖోండు గిరిజనుల పేరు పెట్టాడు. దానికి తోడుగా తూర్పు కనుమల్లో ఎక్కడ చూసినా ఉండేది చార్నోకైట్, జిడ్డుగా మెరిసే ముదురు రాయి. కలకత్తాలో జాబ్ చార్నాక్ సమాధి మీద పరిచిన రాయి ఇదే రకం కాబట్టి ఆ పేరు వచ్చింది. రెండూ సుమారు వంద కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లో ఉడికి, నలిగి, ముడతలు పడ్డ రాళ్లు. ఆ ముడతలూ పగుళ్లూ ఇవాళ్టికీ పని చేస్తూనే ఉన్నాయి. గెడ్డ (వాగు) ఏ వైపు మలుపు తిరగాలో, బోరులో జల ఎక్కడ పడాలో చాలా చోట్ల అవే తేలుస్తాయి.

ఎర్రమట్టి, ఇసుక, అడవి, ఊరు అన్నీ కప్పేసిన ఆ నిర్మాణాన్ని పైనుంచి, అంటే విమానంలోంచి కొలిచిన అయస్కాంత క్షేత్రం (ఏరోమాగ్నటిక్ డేటా), ఉపగ్రహ చిత్రాల సాయంతో ఎలా చదవాలో ఇక్కడ వరసగా చెబుతాను. ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసేవాళ్లూ భూగర్భజలాల పని చేసేవాళ్లూ నేరుగా వాడుకోవచ్చు. ముందే ఒక మాట మనసులో పెట్టుకోండి. ఏ డేటాకైనా ఒక గుడ్డి దిక్కు ఉంటుంది, ఆ దిక్కున సాగే గీత దానికి కనపడదు. ఈ పద్ధతి మొత్తం ఆ గుడ్డి దిక్కుల చుట్టూనే తిరుగుతుంది.

1. ముందు చతురస్రం గీయండి

ఉదాహరణకు ఉత్తర అక్షాంశం 17.6 నుంచి 18.4 వరకు, తూర్పు రేఖాంశం 82.8 నుంచి 83.5 వరకు తీసుకుందాం. యారాడ, సింహాచలం, భీమిలి, అనంతగిరి, అరకు అన్నీ ఇందులో పడతాయి. సర్వే ఆఫ్ ఇండియా షీట్లలో ఇది 65 ఓ, ఎన్, జె, కె ల్లోకి వస్తుంది. ప్రతి పొరనూ ఒకే కొలత చట్రంలో, అంటే యూటీఎం 44 ఉత్తర జోన్‌లో, జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84లో పెట్టండి. పాత టోపోషీట్లు ఎవరెస్ట్ డేటమ్ అనే పాత చట్రంలో ఉంటాయి. మార్చకుండా పైన పరిస్తే వందల మీటర్ల తేడా వస్తుంది. అంత జరిగిన గీతల మీద చేసే చర్చంతా వృథా.

ఈ చతురస్రంలో రాతి వరస మొత్తం మీద ఈశాన్యం నుంచి నైరుతికి సాగుతుంది, తూర్పు కనుమలు సాగే దిక్కే అది. దాన్ని కోసుకుంటూ వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పోయే పగుళ్లు ఉన్నాయా, ఉంటే ఎక్కడున్నాయి అన్నది పటం తేల్చాల్సిన ప్రశ్న. ప్రశ్న ముందే రాసి పెట్టుకోండి. లేకపోతే రంగురంగుల పటం చేతికొచ్చాక అందులో కనిపించినవన్నీ జవాబుల్లాగే అనిపిస్తాయి.

2. డేటా ఎక్కడ దొరుకుతుంది

జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా పటాలకు భూకోశ్ పోర్టల్ ఉంది. 2023లో మొదలైన జాతీయ భూవిజ్ఞాన డేటా పోర్టల్ ఎన్‌జీడీఆర్ కూడా ఉంది. పేరు నమోదు చేసుకుని, మీ బ్లాకు మీద ఏ సర్వే జరిగిందో చూసుకోండి. 2017లో మొదలైన జాతీయ ఏరోజియోఫిజికల్ కార్యక్రమంలో విమాన గీతల మధ్య ఎడం 300 మీటర్లు, నేలకు ఎత్తు 80 మీటర్లు. అలాంటి డేటా దొరికితే అదృష్టమే. దొరకకపోతే ప్రపంచ అయస్కాంత గ్రిడ్ ఈమ్యాగ్2తో మొదలుపెట్టండి. దాని గడి సుమారు 3.7 కిలోమీటర్లు కాబట్టి పశ్చిమాన బస్తర్ క్రేటన్‌కూ (చాలా పాత, కదలని భూఖండపు ముక్క) తూర్పు కనుమలకూ మధ్య ఉన్న పెద్ద తేడా లాంటివే తెలుస్తాయి. సింహాచలం కొండ పక్కన పగులు వెతకడానికి అది పనికిరాదు. స్వార్మ్ ఉపగ్రహాల అయస్కాంత డేటా ఇంకా ముతక. వందల కిలోమీటర్ల ఎత్తు నుంచి కొలిచింది వందల కిలోమీటర్ల వెడల్పున్న వాటినే చూపిస్తుంది. 'ఉపగ్రహ అయస్కాంత డేటా' అన్న పేరు చూసి దాన్ని ఈ పనికి దించేవాళ్లు ప్రతి ఏడాదీ ఒకరిద్దరు తగులుతుంటారు.

ఉపగ్రహాల వైపు నుంచి నాలుగు తీసుకోండి. లాండ్‌శాట్ 8 లేదా 9, సెంటినెల్-2, సెంటినెల్-1 రాడార్, ఇస్రో పోర్టల్ భువన్‌లో ఉచితంగా దొరికే 30 మీటర్ల ఎత్తుల పటం కార్టోడెమ్. ఎత్తుల పటానికి 2000 ఫిబ్రవరి నాటి ఎస్‌ఆర్‌టీఎం కూడా సరిపోతుంది. దృశ్య చిత్రాలకు జనవరి నుంచి మార్చి మధ్య తేదీలు ఎంచుకోండి. వానాకాలంలో కనుమలంతా మేఘం, ఆ తర్వాత కొన్నాళ్లు కళ్లు చెదిరే పచ్చదనం. ఆ రెండింటిలో ఏది ఉన్నా రాయి కనపడదు.

సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పెట్టక్కర్లేదు. క్యూజీఐఎస్ చాలు. అయస్కాంత లెక్కలకు పైథాన్‌లో ఫాటియాండో వాళ్ల వెర్డే, హార్మోనికా ఉన్నాయి.

3. అయస్కాంత డేటా శుద్ధి

విమానం కొలిచేది మొత్తం అయస్కాంత క్షేత్రాన్ని. విశాఖ దగ్గర అది 43,000 నానోటెస్లా పైచిలుకు. మనకు కావాల్సిన రాతి వాటా అందులో పదుల నుంచి వందల నానోటెస్లా మాత్రమే. పగటిపూట సూర్యుడి ప్రభావంతో క్షేత్రం దానంతటదే కొన్ని పదుల నానోటెస్లా ఊగుతుంది. అందుకే నేల మీది బేస్ స్టేషన్ రికార్డుతో దినచర మార్పు తీసేయాలి. తర్వాత భూమి ప్రధాన క్షేత్రాన్ని చెప్పే అంతర్జాతీయ నమూనా ఐజీఆర్‌ఎఫ్ తీసేయాలి, సర్వే జరిగిన తేదీకి పెట్టి. ఈనాటి తేదీ పెట్టి తీసేసిన ఫైళ్లు చూశాను. పటం ఆకారం పెద్దగా చెడదు, పక్క బ్లాకుతో అతికించినప్పుడు మాత్రం గోడ కట్టినట్టు గీత వస్తుంది.

గ్రిడ్ గడి పరిమాణం గీతల ఎడంలో నాలుగో వంతో ఐదో వంతో ఉండాలి. 300 మీటర్ల ఎడానికి 60 నుంచి 75 మీటర్లు. అందంగా కనిపిస్తుందని 10 మీటర్లు పెడితే గీతల మధ్య ఖాళీని కంప్యూటర్ ఊహించి నింపుతుంది, ఆ ఊహను మీరు పగులని రాసుకుంటారు.

ఫైల్లో రాడార్ ఆల్టిమీటర్ (నేల నుంచి విమానం ఎత్తు) కాలమ్ ఉంటే తప్పక చూడండి. అనంతగిరి ఘాట్ మీద ఏ విమానమూ నేలను అంటిపెట్టుకుని పోలేదు. లోయ దాటేటప్పుడు రాతికి దూరమవుతుంది, సిగ్నల్ పడిపోతుంది. పటంలో ఆ చోట 'లో' (చుట్టుపక్కలకంటే తక్కువ విలువ, ఎక్కువైతే 'హై') వస్తుంది. ఆ 'లో'ను రాతి మార్పు అనుకుంటే మీరు లోయ పటం గీసినట్టే.

ఊరు చేసే గోల కూడా ఇక్కడే తీసేయాలి. ఉక్కు కర్మాగారం, ఓడరేవు, రిఫైనరీ, హైటెన్షన్ టవర్లు, రైలు పట్టాలు, అన్నీ ఇనుమే. వాటి చుట్టూ ముసుగు గీసి పక్కన పెట్టండి. బీచ్ పొడవునా నల్ల ఇసుక చారలున్నాయి కదా, వాటిలో ఇల్మనైట్, గార్నెట్‌తో పాటు మాగ్నటైట్ కూడా ఉంటుంది. తీరం వెంబడి సన్నటి అయస్కాంత గీత కనిపిస్తే ముందు దాన్ని ఇసుక ఖాతాలో వేసి, తర్వాత రాతి సంగతి ఆలోచించండి.

4. మన అక్షాంశంలో ఉన్న మెలిక

పుస్తకాల్లో ఉదాహరణలన్నీ కెనడావో ఆస్ట్రేలియావో. అక్కడ క్షేత్రం నిట్టనిలువుకు దగ్గరగా ఉంటుంది, మాగ్నటిక్ రాయి మీద చక్కగా ఒక హై కనిపిస్తుంది. విశాఖలో క్షేత్రం నేలకు వాలి ఉంటుంది, ఇన్‌క్లినేషన్ (నేలతో క్షేత్రం చేసే కోణం) 20–25 డిగ్రీల మధ్య. ఇక్కడ అదే రాయికి దక్షిణాన హై, ఉత్తరాన లో జంటగా వస్తాయి. హై ఉన్న చోట రాయి ఉందని చుక్క పెడితే తప్పు చోట తవ్వుతారు.

గుడ్డి దిక్కు కూడా ఇక్కడే ఉంది. డైక్ (పగుల్లోకి చొరబడి గోడలా గట్టిపడ్డ రాయి) లాంటి పొడవాటి రాయి ప్రేరిత అయస్కాంతత్వంతో, అంటే ఇప్పటి భూక్షేత్రం వల్ల పుట్టినదానితో, ఇచ్చే సిగ్నల్ అది సాగే దిక్కును బట్టి మారుతుంది. లెక్క సులువే: ఇన్‌క్లినేషన్ కొసైన్ వర్గాన్నీ, అయస్కాంత ఉత్తరానికీ రాతి దిక్కుకీ మధ్య కోణం కొసైన్ వర్గాన్నీ గుణించి 1లోంచి తీసేయాలి. ఇన్‌క్లినేషన్ 23 డిగ్రీలనుకుంటే తూర్పు–పడమర డైక్‌కు 1, ఈశాన్య–నైరుతి డైక్‌కు 0.58, ఉత్తర–దక్షిణ డైక్‌కు 0.15 వస్తుంది. అదే రాయి, అంతే మందం, అంతే లోతు. ఉత్తరానికి తిరిగితే చాలు, సిగ్నల్లో 85 శాతం పోతుంది. మన కనుమల వరస అటూ ఇటూ కాకుండా మధ్యలో పడింది, సగానికి కాస్త పైనే దక్కింది.

నమ్మకం కుదరకపోతే హార్మోనికాలో మూడు ప్రిజం (దిమ్మె ఆకారపు) నమూనాలు మూడు దిక్కుల్లో పెట్టి మీ అక్షాంశంలో లెక్క వేసి చూడండి. అరగంట పని. ఇది చేయకుండా అసలు డేటా ముట్టొద్దని నా జూనియర్లతో పట్టుబడతాను.

హైని రాతి మీదకు జరపడానికి అందరూ వాడేది రిడక్షన్ టు పోల్, అంటే క్షేత్రం నిట్టనిలువుగా ఉండే ధ్రువం దగ్గర కొలిస్తే పటం ఎలా ఉండేదో లెక్కగట్టడం. తక్కువ ఇన్‌క్లినేషన్‌లో ఈ లెక్క అదుపు తప్పుతుంది, ఉత్తర–దక్షిణ దిశలో ఉన్న చిన్న శబ్దాన్ని (నాయిస్‌ను) కూడా పెద్దది చేసి చూపిస్తుంది. నా మొదటి పటంలో ఉత్తరం నుంచి దక్షిణానికి దువ్వెనతో దువ్వినట్టు గీతలొచ్చాయి. 'డైక్‌ల గుంపు' అని శీర్షిక పెట్టి మా సారుకు చూపించాను. ఆయన ఏమీ అనలేదు. పక్క గదిలోంచి బెంగాల్ దగ్గరి ఇంకో బ్లాకు పటం తెచ్చి పక్కన పెట్టారు, అందులోనూ అవే గీతలు.

అందుకే ఈ వరస పాటించండి. ముందు రిడక్షన్ టు ఈక్వేటర్ (క్షేత్రం అడ్డంగా ఉండే అయస్కాంత భూమధ్యరేఖకు మార్చడం) చేయండి, నిలకడగా ఉంటుంది. అందులో మాగ్నటిక్ రాయి మీద హై బదులు లో వస్తుందని గుర్తుంచుకోండి. దాని పక్కన అనలిటిక్ సిగ్నల్ (మూడు దిక్కుల్లో క్షేత్రం మారే వేగాన్ని కలిపిన విలువ) వేయండి. రాతి సరిహద్దుల మీద అది పెరుగుతుంది, క్షేత్రం వాలుతో పెద్దగా పని లేదు. పాత అయస్కాంతత్వం నిలిచిపోయిన రాళ్లలో కూడా మిగతావాటికంటే ఇదే నమ్మదగ్గది. పోల్ పటం కావాల్సిందే అంటే లెక్కలోని వ్యాప్తి (యాంప్లిట్యూడ్) భాగానికి ఎక్కువ ఇన్‌క్లినేషన్ పెట్టి శబ్దాన్ని అణచండి, చేశానని పటం మీద రాయండి.

5. అంచులు, లోతులు

టిల్ట్ డెరివేటివ్ నాకు ఇష్టమైన ఫిల్టర్. నిలువు మార్పును అడ్డ మార్పుతో పోల్చి కోణంగా చూపిస్తుంది, అందువల్ల బలమైన రాయీ బలహీనమైన రాయీ ఒకే గొంతుతో మాట్లాడతాయి. పోల్ పటం నుంచి చేస్తే నిలువు అంచు మీద సున్నా గీత వస్తుంది. సున్నా నుంచి 45 డిగ్రీల గీతకు ఉన్న దూరం సుమారుగా ఆ అంచు లోతు. ఆ లోతు విమానం నుంచి లెక్క, నేల నుంచి కాదు. 80 మీటర్లు తీసేయడం మర్చిపోయి కప్పు మందం రెట్టింపు రాసినవాళ్లున్నారు.

అప్‌వర్డ్ కంటిన్యుయేషన్‌తో (ఇంకా ఎత్తు నుంచి కొలిస్తే ఎలా ఉండేదో లెక్కగట్టడం) 500, 1000, 2000 మీటర్లకు లేపి చూడండి. పైపై వివరాలు చెరిగిపోతాయి. 2000 దగ్గర కూడా నిలిచిన గీత లోతైన షియర్ జోన్‌ది (రాళ్లు ఒకదాని పక్క ఒకటి జారి నలిగిన పట్టీ) కావచ్చు. లోతు లెక్కగట్టే యూలర్ పద్ధతి వాడితే, రాతి ఆకారాన్ని చెప్పే ఇండెక్స్ ఆలోచించి పెట్టండి: పొడవాటి రాతి సరిహద్దుకు 0, డైక్‌కు 1. ఇండెక్స్ తప్పితే లోతులన్నీ తప్పుతాయి, చుక్కలు మాత్రం వరసగానే పడతాయి, అందుకే మోసపోతాం.

6. ఉపగ్రహ చిత్రాల నుంచి గీతలు

రంగుల కలయికలు, బ్యాండ్ నిష్పత్తుల మీద ఎక్కువ సమయం పెట్టొద్దు. లాండ్‌శాట్ 8లో బ్యాండ్ 4ను 2తో భాగిస్తే ఇనుప ఆక్సైడ్లు, 6ను 7తో భాగిస్తే బంకమట్టి ఖనిజాలు తెలుస్తాయి. అనంతగిరి, అరకు మెట్టల మీద ఖోండలైట్ పైన ఏర్పడ్డ లాటరైట్, బాక్సైట్ టోపీలు వీటిలో బాగా మెరుస్తాయి. అవి రాతి మీది కప్పును చెబుతాయి, రాతి నిర్మాణాన్ని కాదు.

నిర్మాణానికి నీడలు కావాలి. లాండ్‌శాట్ మన మీద నుంచి ఉదయం పది ప్రాంతంలో పోతుంది. చలికాలంలో అప్పుడు సూర్యుడు ఆగ్నేయాన ఉంటాడు. ఈశాన్య–నైరుతి కొండల వరసకు ఆ వెలుగు అడ్డంగా తగిలి నీడలు బ్రహ్మాండంగా పడతాయి. వెలుగు పోయే దిక్కులోనే ఉన్న వాయవ్య–ఆగ్నేయ పగుళ్లకు నీడే ఉండదు. మనం వెతుకుతున్నది సరిగ్గా వాటినే! ఒక్క చలికాలపు చిత్రం ముందేసుకుని 'ఈ ప్రాంతంలో అడ్డ పగుళ్లు తక్కువ' అని రాసే నివేదికలకు మూలం ఇది.

మందు కార్టోడెమ్‌లో ఉంది. ఎత్తుల పటానికి సూర్యుణ్ని మనమే పెట్టుకోవచ్చు. 30 డిగ్రీల ఎత్తులో 0, 45, 90, 135, 180, 225, 270, 315 డిగ్రీల దిక్కుల నుంచి (ఉత్తరం 0) ఎనిమిది హిల్‌షేడ్లు (నీడల పటాలు) చేయండి. వాయవ్య–ఆగ్నేయ పగుళ్ల కోసం 45, 225 చూడండి. గెడ్డల పొర కూడా గీయించండి. రెండు మూడు గెడ్డలు ఒకే గీత మీదికి వచ్చి ఒకే వైపు మలుపు తిరిగాయంటే కింద ఏదో ఉంది.

సెంటినెల్-1 రాడార్ దాదాపు తూర్పుకో పడమరకో చూస్తుంది. తూర్పు–పడమర గీతలు దానికి మసకగా ఉంటాయి, ఉత్తర–దక్షిణ గీతలు పొడుచుకొచ్చినట్టు కనిపిస్తాయి. అయస్కాంతం దాదాపు చూడలేని దిక్కు సరిగ్గా అదే. ఈ జత కుదరడం కాకతాళీయమే అయినా మన అక్షాంశంలో పని చేసేవాళ్లకు పెద్ద వరం. ఉపగ్రహం ఉత్తరానికి వెళ్లే దారి, దక్షిణానికి వచ్చే దారి రెండింటి చిత్రాలూ తీసుకోండి, ఒక వైపు కొండ నీడలో పోయింది రెండో దాంట్లో దొరుకుతుంది.

7. విడివిడిగా గీసి, తర్వాత కలపండి

అయస్కాంత గీతలు ఒక పొర, హిల్‌షేడ్ గీతలు ఒకటి, రాడార్ గీతలు ఒకటి. ఒకటి గీసేటప్పుడు మిగతావి ఆపేయండి. వీలైతే వేర్వేరు మనుషులు గీయాలి. మొదటి పొర చూశాక రెండో దాంట్లో అవే కనిపిస్తాయి, కన్ను అలా పని చేస్తుంది. గీతలను (లీనియమెంట్లను) వాటంతటవే గీసే ఆటోమేటిక్ టూల్స్ జోలికి నేను పోను. అవి రోడ్డునూ, పొలం గట్టునూ, రన్‌వేనూ కూడా పగులే అంటాయి.

ప్రతి గీతకూ దిక్కు, పొడవు, ఎక్కడి నుంచి వచ్చింది, నమ్మకం ఎంత అన్న నాలుగు కాలమ్స్ ఉండాలి. కలిపాక రోజ్ డయాగ్రమ్ (ఏ దిక్కున ఎన్ని గీతలో చూపే గుండ్రటి చిత్రం) వేయండి, గీతల సంఖ్యతో కాకుండా పొడవుతో.

అయస్కాంత పటంలో పగులును గుర్తించడానికి నేను వెతికేవి ఇవి: వరసగా వస్తున్న హై ఒక్కసారి తెగి పక్కకు జరగడం, రెండు వైపులా నేత వేరుగా ఉండడం, సన్నటి లో పట్టీ. పగుళ్ల వెంట నీళ్లు పారి మాగ్నటైట్ తుప్పుపట్టి హెమటైట్‌గా మారితే ఆ లో వస్తుంది. బోరు వేసేవాళ్లకు ఇలాంటి పట్టీ మీదే ఆసక్తి ఉండాలి. రాళ్ల విషయానికొస్తే, మాగ్నటైట్ ఉన్న చార్నోకైట్ గరుకుగా, ఎత్తుగా కనిపిస్తుంది, ఖోండలైట్ మామూలుగా నునుపు. బొర్రా గుహలున్న సున్నపు రాయి ఇంకా నిశ్శబ్దం. కాశీపట్నం దగ్గర అపటైట్, వెర్మిక్యులైట్‌తో పాటు మాగ్నటైట్ కూడా ఉంది, అలాంటి చోట చిన్న, పదునైన హై–లో జంట ఎదురుచూడండి.

రెండు పొరలు ఒప్పుకున్న చోట సంతోషించి ముందుకు పోవచ్చు. ఒప్పుకోని చోట ఆగాలి. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల మీద ఉపగ్రహానికి వానకు కోసుకుపోయిన సన్న గెడ్డలు తప్ప ఏమీ దొరకదు, అవి మట్టిలోవి. అయస్కాంతానికి ఆ ఇసుక దాదాపు గాజు, కింది రాయి వరస తెలుస్తుంది. కైలాస కొండల వరసకూ యారాడ వరసకూ మధ్య ఓడరేవు ఉన్న పల్లం సంగతి వేరు. రెండు తిన్నటి కొండ వరసల మధ్య ఉంది కాబట్టి ఉపగ్రహ పటం చూస్తే అక్కడ భ్రంశం (రాళ్లు జరిగిన పగులు) గీయాలని చెయ్యి లాగుతుంది. అయస్కాంతమేమో ఇనుము గోలలో మునిగి జవాబివ్వదు. అక్కడ నేను చుక్కల గీత గీసి వదిలేస్తాను.

గీతలకు పేర్లు పెట్టే ముందు పాత పని చూడండి. సీలేరు, నాగావళి షియర్ జోన్ల మీద హైదరాబాద్ జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐలో టి.ఆర్.కె. చెట్టి వంటివాళ్లు ఉపగ్రహ చిత్రాలతోనే పని చేశారు.

8. కొండకు వెళ్లండి

పది చోట్లు ఎంచుకోండి. నమ్మకం ఎక్కువున్న గీతల మీద నాలుగు, గొడవ ఉన్నవాటి మీద ఆరు. ఎక్కువమంది దీన్ని తలకిందులుగా చేస్తారు, తమ మాట నెగ్గే చోటికే వెళ్తారు. ససెప్టిబిలిటీ మీటర్‌తో (రాయి ఎంత సులువుగా అయస్కాంతమవుతుందో కొలిచేది) ఒక్కో చోట కనీసం ఇరవై రీడింగులు తీయండి, తాజాగా పగిలిన ముఖం మీద. మన ఖోండలైట్ పైపొర ఎంతగా కుళ్లి ఉంటుందంటే, దాని మీద తీసిన రీడింగు మట్టి రీడింగే. చార్నోకైట్లన్నీ బలంగా ఉంటాయనీ అనుకోవద్దు, మీ చోట ఎంతుందో కొలిచాకే అయస్కాంత పటం మీద రాతి పేరు రాయండి.

సందేహం ఉన్న గీతకు అడ్డంగా చిన్న గ్రౌండ్ మాగ్నటిక్ ప్రొఫైల్ వేయండి, పది మీటర్లకో రీడింగు. సెన్సార్ పట్టుకున్నవాళ్ల దగ్గర ఫోన్, తాళాలు, బెల్టు బకిల్ ఉండకూడదు. మాగ్నటైట్ రాతి మీద దిక్సూచి కూడా అబద్ధం చెబుతుంది, ఫోలియేషన్ (రాతి పొరల) దిక్కును కొంచెం దూరం నుంచి సూర్యుడితోనో జీపీఎస్‌తోనో సరిచూసుకోండి.

డాల్ఫిన్స్ నోస్, యారాడ చుట్టూ నేవీ ప్రాంతం. అనుమతి లేకుండా పరికరాలు బయటికి తీయొద్దు, డ్రోన్ మాట అసలే ఎత్తొద్దు. అనంతగిరి వైపు అటవీశాఖ అనుమతితో పాటు ఊళ్లో పెద్దలకు ముందే చెప్పండి. బాక్సైట్ గొడవలు చూసిన ఊళ్లవి, రాళ్లు కొడుతూ తిరిగే కొత్త మొహాలు గని కంపెనీ మనుషులేమో అని అనుమానించడంలో తప్పేమీ లేదు. ఏ ఊటబుగ్గ ఎండాకాలంలో కూడా ఆగదో అడగండి. ఆ జవాబు చాలాసార్లు మీ పొరల్లో లేని పగులు మీద నిలబెడుతుంది.

9. పటం మీద రాయాల్సినవి

గట్టి గీత అంటే కనీసం రెండు డేటాలు, ఒక క్షేత్ర పరిశీలన. తెగి తెగి గీసిన గీత అంటే రెండు డేటాలు. చుక్కలంటే ఒక్కటే. రంగులు రాళ్లకే వదిలేయండి. ఉత్తర బాణం పక్కన ఇంకో మూడు చిన్న గీతలు గీయండి, ఒకటి అయస్కాంతం గుడ్డి దిక్కు, ఇంకోటి చలికాలపు ఉదయం చిత్రానిది, మూడోది రాడార్‌ది. పటం అందుకున్నవాళ్లు ఫలానా దిక్కున పగుళ్లు ఎందుకు లేవని అడిగినప్పుడు మీ వేలు ఆ మూల మీద పెడితే చాలు.